ట్రంక్ కాల్ నుంచి రీల్ దాకా: తెలుగు ఇళ్లలో తరాల ఫోను అలవాట్లు

ఒకే ఇంట్లో ఉండేవాళ్లు కూడా ఫోనును ఒకేలా వాడరు. ఎనభై ఏళ్ల పెద్దాయన ఫోను ఎత్తగానే గొంతు పెంచుతాడు, చెప్పాల్సిన నాలుగు ముక్కలూ చెప్పి పెట్టేస్తాడు. యాభై ఏళ్ల కొడుక్కి ఒక్క రింగు ఇచ్చి కట్ చేసే అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు. నలభై దాటిన కోడలు తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లో కొడుతుంది. పదిహేనేళ్ల మనవరాలు ఫోను చేసి మాట్లాడటమే అరుదు. ఆమె స్నేహాలన్నీ రీళ్లలో, స్నాప్‌లలో, అర నిమిషం వాయిస్ మెసేజీల్లో సాగుతాయి. పైకి ఇవన్నీ వయసు తెచ్చిన తేడాల్లా కనిపిస్తాయి. చరిత్ర చూస్తే మరో సంగతి తేలుతుంది. ఫోను మొదటిసారి చేతికొచ్చిన రోజుల్లో నిమిషానికి ఎంత పడేదో, తెర మీద ఏ లిపి ఉండేదో, ఆ ఫోను ఇంట్లో ఎవరి చేతిలో ఉండేదో, ఆ మూడింటిని బట్టే ఒక్కో తరం అలవాటు స్థిరపడింది. తర్వాత ధరలు పడిపోయినా, లిపి వచ్చినా, తొలినాటి అలవాటు మాత్రం చాలావరకు అలాగే నిలిచింది.

భారతదేశంలో టెలిఫోను ఎక్స్ఛేంజీలు 1882 జనవరి 28న కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాల్లో మొదలయ్యాయి. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉన్నా, ఆ తీగ పల్లెల దాకా రావడానికి ఇంచుమించు నూరేళ్లు పట్టింది. స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశం మొత్తం మీద ఉన్న టెలిఫోన్లు సుమారు 80 వేలు. ఆ తర్వాత మూడు నాలుగు దశాబ్దాల పాటు కూడా ఫోను అంటే సర్కారు కార్యాలయంలోనో, రైసుమిల్లులోనో, పేరున్న డాక్టరుగారి ఇంట్లోనో ఉండే వస్తువు. కనెక్షను కోసం డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసేవారు. తొందరగా కావాలనుకున్నవాళ్లకు ఎక్కువ డిపాజిట్టుతో 'ఓన్ యువర్ టెలిఫోన్' అనే పథకం ఉండేది. ఇంటికి ఫోను వచ్చాక దాన్ని ముందు గదిలో, అల్లిన గుడ్డ కప్పి పెట్టేవారు. డయలుకు తాళం వేసిన ఇళ్లు కూడా ఉండేవి. పిల్లలు దాన్ని ముట్టుకోకూడదు. ఎవరితో మాట్లాడాలో, ఎంతసేపు మాట్లాడాలో ఇంటి పెద్ద నిర్ణయించేవాడు.

పరాయి ఊరికి మాట్లాడాలంటే ట్రంక్ కాల్ బుక్ చేయాలి. ఆర్డినరీ, అర్జెంట్, లైట్నింగ్ అని తరగతులు, తరగతిని బట్టి రుసుము. బుక్ చేశాక గంటలకు గంటలు ఎదురుచూపు. లైను కలిశాక మూడు నిమిషాలను ఒక యూనిట్‌గా లెక్కగట్టేవారు. టైము అయిందని ఆపరేటరు మధ్యలో వచ్చి చెప్పేవారు. అవతల ఫలానా మనిషినే పిలిపించమంటే అది పర్టిక్యులర్ పర్సన్ కాల్, వాడుకలో పి.పి. కాల్. ఆ రెండక్షరాలు తర్వాత ఇంకో పనికి వచ్చాయి. సొంత ఫోను లేనివాళ్లు పక్కింటి నంబరును తమ విజిటింగ్ కార్డు మీద, శుభలేఖ మీద అచ్చు వేయించుకుని దాని పక్కన పి.పి. అని చేర్చేవారు. ఫోను వస్తే ఆ ఇంటి పిల్లవాడు పరుగున వచ్చి చెప్పేవాడు. కబురు అందుకున్న మనిషి చేతిలో పని వదిలేసి, పరాయి ఇంటి హాలులో, ఆ ఇంట్లో వాళ్లందరి ముందూ నిలబడి మాట్లాడేవాడు.

ఆ రోజుల్లో ట్రంక్ కాల్ ఊరికే వచ్చేది కాదు. ఎవరో పోయారనో, ఆసుపత్రిలో చేర్చారనో, ఉద్యోగం వచ్చిందనో, పెళ్లి కుదిరిందనో వచ్చేది. క్షేమసమాచారాలకు కార్డు ముక్క చాలు. లైనులో గరగర ఉండేది కాబట్టి అరిచి చెప్పడం తప్పనిసరి. ఇప్పుడు డెబ్బై అయిదు, ఎనభై దాటినవాళ్ల ఫోను మర్యాదలన్నీ ఇక్కడ పుట్టినవే: గట్టిగా మాట్లాడటం, క్లుప్తంగా ముగించడం, మోగిన ఫోనును తప్పక ఎత్తడం, అవతలి మనిషి చెప్పేది చివరిదాకా వినడం. ఫోను వచ్చిందంటే ముఖ్యమైన విషయమే అయి ఉంటుందన్న నమ్మకం ఆ తరంలో ఇప్పటికీ గట్టిగా ఉంది.

ఆపరేటరు లేకుండా నేరుగా పరాయి ఊరికి డయల్ చేసే ఎస్టీడీ సౌకర్యం దేశంలో మొదట 1960లో లక్నో, కాన్పూరుల మధ్య వచ్చింది. సామాన్యుడికి అది అందింది మాత్రం 1980ల రెండో సగంలోనే. 1984లో శాం పిట్రోడా చొరవతో ఏర్పడిన సీ-డాట్ సంస్థ, వేడినీ దుమ్మునూ తట్టుకునే, ఎయిర్ కండిషనింగ్ అవసరం లేని చిన్న ఎక్స్ఛేంజీని తయారుచేసింది. 128 లైన్ల ఆ గ్రామీణ ఎక్స్ఛేంజీలలో మొదటిది 1986లో కర్ణాటకలోని కిత్తూరులో పనిచేయడం మొదలుపెట్టింది. మండల కేంద్రాలకూ పెద్ద పల్లెలకూ నేరుగా డయల్ చేసే సౌకర్యం ఇలాంటి ఎక్స్ఛేంజీలతోనే వచ్చింది. దానితో పాటే పసుపు రంగు బోర్డుల ఎస్టీడీ, ఐఎస్డీ, పీసీఓ బూతులు బస్టాండు పక్కన, కాలేజీ గేటు ముందు, కిరాణా కొట్టు మూలన వెలిశాయి. వాటి కేటాయింపులో వికలాంగులకు ప్రాధాన్యం ఇవ్వడంతో చాలా కుటుంబాలకు అదే బతుకుతెరువయింది.

బూతులో అద్దాల గది, లోపల ఒక ఫోను, కళ్ల ఎదురుగా ఎర్ర అంకెల మీటరు. మాట సాగేకొద్దీ అంకె పెరిగేది. రాత్రి పొద్దుపోయేకొద్దీ రేటు సగానికీ, పదకొండు దాటాక పావుకీ తగ్గేది. అందుకే హైదరాబాదు అమీర్‌పేటలోనో, విజయవాడ, తిరుపతి హాస్టళ్ల వీధుల్లోనో పదకొండు గంటలకు బూతుల ముందు వరసలు కట్టేవారు. మాట్లాడవలసినవి ముందే కాగితం మీద రాసుకుని వెళ్లేవాళ్లు ఉండేవారు. మీటరు చూస్తూ మాట్లాడిన తరం అది, సుమారుగా 1960కీ 1975కీ మధ్య పుట్టినవాళ్లు. ఊళ్లో తల్లిదండ్రులు ఆదివారం రాత్రి ఫలానా టైముకు ఫోను ఉన్న ఇంటికి వచ్చి కూర్చునేవారు. ఈ తరంలో చాలామంది ఇప్పుడు అమెరికాలో ఉన్న పిల్లలతో వారానికొకసారి, అదీ ఆదివారమే తీరిగ్గా మాట్లాడతారు. కాల్ ఉచితమై ఏళ్లు గడిచినా ఆ ఆదివారం లెక్క మారలేదు.

సెల్‌ఫోను 1995 జులై 31న వచ్చింది. ఆ రోజు పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతి బసు కలకత్తా నుంచి ఢిల్లీలోని కేంద్ర కమ్యూనికేషన్ల మంత్రి సుఖ్‌రాంతో మాట్లాడారు. దేశంలో అదే తొలి మొబైల్ కాల్. నిమిషానికి 16 రూపాయల దాకా పడేది, వచ్చిన కాల్‌కు కూడా డబ్బు కట్టాలి. ఆంధ్రప్రదేశ్ సర్కిల్లో తొలి లైసెన్సులు టాటా సెల్యులార్, జేటీ మొబైల్స్ సంస్థలకు దక్కాయి. ఆ ధరల్లో సెల్‌ఫోను కాంట్రాక్టర్లకూ, సినిమావాళ్లకూ, రాజకీయ నాయకులకూ తప్ప అందలేదు. అప్పుడు ఫోను పట్టుకున్నవాళ్లు ఎక్కువగా నలభై, యాభై ఏళ్ల మగవాళ్లే. కుర్రవాళ్ల వస్తువు అనే ముద్ర దానికి అప్పటికి లేదు.

ఆ ముద్ర 2003లో పడింది. అంతకుముందు ఏడాది డిసెంబరు 28న రిలయన్స్ ఇన్ఫోకామ్ తన సేవలు ప్రారంభించింది; 2003 వానాకాలంలో 501 రూపాయలు కడితే చేతిలో ఫోను పెట్టింది. ఆ ఏడాది మే 1 నుంచి ఇన్‌కమింగ్ కాల్స్ ఉచితమయ్యాయి. దేశంలో ఫోను చరిత్రను రెండుగా చీల్చే గీత ఏదైనా ఉంటే అది ఈ మే 1. అంతకుముందు ఫోను దగ్గర ఉంచుకోవడమే ఖర్చు. ఆ రోజు నుంచి ఖర్చంతా చేసేవాడిదే. జేబులో పైసా లేని విద్యార్థి, తాపీమేస్త్రీ, ఆటో డ్రైవరు కూడా ఫోను పెట్టుకోగలిగారు. అదే ఏడాది వచ్చిన నోకియా 1100 ప్రపంచమంతటా 25 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. దుమ్ము చొరని కీప్యాడు, పైన టార్చిలైటు దాని ప్రత్యేకతలు. కరెంటు కోతల రోజుల్లో రాత్రివేళ మోటారు వేయడానికి పొలానికి వెళ్లే రైతుకు ఆ టార్చి ఎంత అక్కరకొచ్చిందో చెప్పనక్కర్లేదు.

కాల్ చేసేవాడికే ఖర్చు అన్న నియమం నుంచి పుట్టింది మిస్డ్ కాల్. ఇది ఏ కంపెనీ నేర్పిన పద్ధతీ కాదు, జనం తమంతట తాము కల్పించుకున్న భాష. ఒక రింగు ఇస్తే చేరుకున్నానని, రెండు ఇస్తే కిందికి రమ్మని, మళ్లీ మళ్లీ ఇస్తే వెంటనే చేయమని ఇంటింటికీ ఒక ఒప్పందం. ఎవరు ఎవరికి మిస్డ్ కాల్ ఇవ్వాలన్నదానికీ మర్యాద ఉండేది. కొడుకు తండ్రికి ఇవ్వవచ్చు, కూలీ మేస్త్రీకి ఇవ్వవచ్చు, పుట్టింటికి కూతురు ఇవ్వవచ్చు. అల్లుడు మామగారికి ఇస్తే బాగుండదు. సంపాదించేవాడు తిరిగి చేయాలి, సంపాదన లేనివాడు రింగు ఇవ్వాలి. పైసా ఖర్చు లేకుండా నడిచిన ఆ పద్ధతిని వ్యాపారం కూడా గుర్తించింది: మిస్డ్ కాల్ ఆధారంగా ప్రచారాలు నడిపిన బెంగళూరు సంస్థ జిప్‌డయల్‌ను 2015లో ట్విట్టర్ కొనుక్కుంది. ఇప్పుడు నలభై నుంచి యాభై అయిదేళ్ల మధ్య ఉన్నవాళ్లు తమ యవ్వనాన్ని ఈ రింగుల లెక్కలోనే గడిపారు. గీకి నంబరు కొట్టే రీఛార్జి కార్డు, బ్యాలెన్సు చూసుకుంటూ మాట్లాడటం, 2009లో టాటా డొకోమో తెచ్చిన సెకను లెక్క వీళ్లకు బాగా గుర్తు.

మాట్లాడటం ఖరీదైనప్పుడు రాయడం చౌక. నెలకు పాతిక, ముప్పై రూపాయల బూస్టరు వేయించుకుంటే రోజంతా ఎస్సెమ్మెస్‌లు పంపుకోవచ్చు. కాలేజీ పిల్లలు బెంచీ కింద ఫోను పెట్టి, తెర చూడకుండానే తొమ్మిది మీటల మీద టైపు చేసేవారు. సంక్రాంతికీ ఉగాదికీ కంపెనీలు ఆ ప్యాకు చెల్లదని ముందే చెప్పేవి, అయినా శుభాకాంక్షలు ఆగేవి కావు. వ్యాపార సందేశాల బెడద పెరగడంతో 2011 సెప్టెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఒక్కో సిమ్ముకు రోజుకు 100 ఎస్సెమ్మెస్‌ల పరిమితి పెట్టి, నవంబరులో దాన్ని 200కు పెంచింది. ఆ పరిమితి తమ స్నేహాల మీద దెబ్బ అని కుర్రవాళ్లు బాధపడ్డారు. అప్పటి ఫోన్లలో తెలుగు ఉన్నా అక్కరకొచ్చేలా ఉండేది కాదు. అందుకే ఒక తరం మొత్తం "ela unnav"ను తెలుగు అక్షరాల్లో కాక రోమన్ అక్షరాల్లో రాయడం నేర్చుకుంది.

ఈ రోమన్ తెలుగుకు అంతకుముందే ఒక చరిత్ర ఉంది. తెలుగువాళ్లలో నెట్టు మీద మొదట కబుర్లు చెప్పుకున్నది 1990ల మొదట్లో అమెరికా విశ్వవిద్యాలయాల్లో పై చదువులకు వెళ్లిన యువకులు. వాళ్లు వాడిన ఆర్టీఎస్ అనే లిప్యంతరీకరణ పద్ధతి టెక్సస్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. దీర్ఘానికీ, ఒత్తుకూ, ళకారానికీ అందులో నియమం ఉంది. ఎస్సెమ్మెస్ తరం రాసినదానికి నియమమేదీ లేదు, వినిపించినట్టు రాయడమే. యూనికోడ్ 1991లో వెలువడిన తొలి కూర్పులోనే తెలుగుకు చోటు ఇచ్చినా, ఫోన్లలో చాలాకాలం పాటు తెలుగు అక్షరం చోట ఖాళీ డబ్బాలే కనిపించాయి. తెలుగు సరిగ్గా కనిపించే నాటికి ఆ తరం చేతివేళ్లు రోమన్‌కు అలవాటుపడిపోయాయి. ఇప్పుడు ముప్పై అయిదు నుంచి యాభై ఏళ్ల మధ్యనున్నవాళ్లు తెలుగు చక్కగా చదవగలిగీ తెలుగులో టైపు చేయకపోవడానికి కారణం భాషాభిమానం లేకపోవడం కాదు. నేర్చుకునే వయసులో వాళ్ల ఫోను తెలుగు ఇవ్వలేదు. ఈ నష్టం చిన్నది కాదు. తెలుగు లిపి ఫోనులో పూర్తిగా కుదురుకోవడం ఎంత ఆలస్యమైందో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది: 'జ్ఞా' అనే ఒక్క అక్షరం వస్తే ఐఫోన్లలో సందేశాల యాప్‌లు కుప్పకూలేవి. ఆపిల్ ఆ నెలలోనే సవరణ విడుదల చేసింది.

సోషల్ మీడియా వేదిక ఆర్కుట్ 2004 జనవరిలో వచ్చింది. గంటకు ఇరవై రూపాయలు తీసుకునే నెట్ సెంటర్లో కూర్చుని స్క్రాప్‌లు రాసుకున్న ఇంజనీరింగు విద్యార్థులే దాని తొలి తెలుగు వాడుకరులు. హీరోల అభిమాన సంఘాలు గోడల మీది పోస్టర్ల నుంచి ఆర్కుట్ కమ్యూనిటీలకు మారాయి. 2014 సెప్టెంబరు 30న అది మూతపడేనాటికే ఆ యువకులంతా ఫేస్‌బుక్‌కు వెళ్లిపోయారు. ఫేస్‌బుక్ భారతదేశంలో తన తొలి కార్యాలయాన్ని 2010లో హైదరాబాదులో తెరిచింది. అప్పటి ఇరవై ఏళ్లవాళ్లు ఇప్పుడు ముప్పై అయిదు దాటారు, ఫేస్‌బుక్ వాళ్లతోపాటే పెద్దదైంది. కవులు, ఉపాధ్యాయులు, పదవీ విరమణ చేసిన ఉద్యోగులు పొడవైన పోస్టులు రాసుకునే చోటుగా అది స్థిరపడింది. టీనేజి పిల్లలు అటు చూడటం తగ్గించారు. నాన్న, బాబాయి, లెక్కల మాస్టారు ఉన్న చోట వాళ్లు ఉండలేరు.

నెట్ సెంటర్ దాకా రాని యువత గురించి కూడా చెప్పాలి. పదో తరగతితో చదువు ఆపి మెకానిక్ షెడ్డులోనో, బట్టల కొట్లోనో చేరిన కుర్రవాళ్లకు 2007 నుంచి 2014 దాకా ఫోను అంటే మెమరీ కార్డు. ఇరవై రూపాయలు ఇస్తే సెల్ షాపువాడు కార్డు నిండా పాటలు ఎక్కించేవాడు. బ్లూటూత్‌తో ఒకరి ఫోను నుంచి ఇంకొకరి ఫోనుకు పాటలు, వీడియోలు మారేవి. ఇది ఏ లెక్కల్లోకీ ఎక్కని సోషల్ మీడియా.

2016 సెప్టెంబరు 5న జియో వచ్చాక పరిస్థితి తలకిందులైంది. 2014లో జీబీకి సగటున 269 రూపాయలు పడిన డేటా 2018 నాటికి 12 రూపాయల లోపుకు దిగింది. వాట్సాప్‌లో వాయిస్ మెసేజీ 2013లోనే వచ్చింది, వీడియో కాల్ 2016 నవంబరులో వచ్చింది. ఈ మూడూ ఒకచోట కలవడంతో అప్పటిదాకా సోషల్ మీడియాకు బయటే ఉన్న పెద్దవాళ్లు ఒక్కసారిగా లోపలికి వచ్చారు. కారణం స్పష్టం. వాళ్లను ఆపింది వయసు కాదు, టైపు చేయాల్సి రావడం. మాటా బొమ్మా చాలన్నప్పుడు ఆ అడ్డు తొలగిపోయింది. 2017 ఆగస్టులో గూగుల్ తెలుగులో నోటితో చెప్పి వెతికే సౌకర్యం తెచ్చింది. అక్షరం రాని అవ్వ కూడా భజన పాట పేరు చెప్పి యూట్యూబులో వినగలిగింది. ప్యాట్నీ సెంటర్లోనో, తెనాలిలోనో ఉన్న తాత డల్లాసులో పుట్టిన మనవడి ముఖాన్ని పురిటిగది నుంచే చూశాడు. ఒకప్పుడు గల్ఫ్ నుంచి కరీంనగర్, నిజామాబాద్ పల్లెలకు నెలకొక ఉత్తరం వచ్చేది. ఇప్పుడు అక్కడి కూలీలు, వాట్సాప్ కాల్స్‌కు అనుమతి లేని దేశాల నుంచి ఇతర యాప్‌లలో భార్యాబిడ్డలతో రోజూ మాట్లాడుతున్నారు. ఫోను చేసిన మేళ్లలో ఇంతకు మించినది లేదు.

నలభై నుంచి అరవై ఏళ్ల మధ్యవాళ్లకు వాట్సాప్ ఇచ్చిన కానుక పదో తరగతి బ్యాచ్ గ్రూపు. ఇది తెలుగు ఊళ్లలో ఒక ఆచారంగానే మారింది. ముందు నలుగురు కలిసి గ్రూపు పెడతారు. అందులోంచి ఒక్కొక్కరి నంబరూ వెతికి చేరుస్తారు. పెళ్లయి ఇంటిపేరు మారి దూరపు ఊళ్లకు వెళ్లిన ఆడపిల్లల జాడ పుట్టింటి వాళ్ల ద్వారా కనుక్కుంటారు. ఆ తర్వాత బడి ఆవరణలో షామియానా వేసి ఆత్మీయ సమ్మేళనం, పాత మాస్టార్లకు శాలువాలు, మధ్యాహ్నం భోజనాలు, బడికి బెంచీలో ఫ్యాన్లో విరాళం. పాతికేళ్లు, ముప్పై ఏళ్లు ఒకరి ముఖం ఒకరు చూడనివాళ్లు కలుసుకునే ఈ వేడుక జిల్లా పేజీల్లో ప్రతి వేసవిలోనూ కనిపిస్తుంది. కష్టంలో ఉన్న తోటి విద్యార్థికి చందాలు పోగుచేసి పంపడమూ ఈ గ్రూపుల పనే.

అంతకంటే చిన్నవాళ్లలో, ముఖ్యంగా పల్లెల్లో పాతిక నుంచి నలభై ఏళ్లవాళ్లలో, వాట్సాప్ స్టేటస్‌దే పెత్తనం. పుట్టినరోజు, గృహప్రవేశం, మరణవార్త, దశదిన కర్మ, అన్నీ స్టేటస్‌లోనే తెలుస్తాయి. ఎవరి ఫొటో ఎవరు పెట్టారు, పెట్టలేదు అన్నది బంధుత్వాల్లో మాటలు వచ్చేటంత సంగతి. మధ్యవయసు మహిళల్లో చాలామందికి టచ్ ఫోను ఉద్యోగం రూపంలో చేతికొచ్చింది. 2021లో కేంద్రం పోషణ్ ట్రాకర్ యాప్ తెచ్చాక అంగన్‌వాడీ టీచర్లు పిల్లల బరువు, ఎత్తు, భోజనం లెక్కలన్నీ ఫోనులోనే ఎక్కించవలసి వచ్చింది. కాగితపు రిజిస్టర్లతో దశాబ్దాలు పనిచేసినవాళ్లు కొత్త పద్ధతి నేర్చుకున్న తీరు మెచ్చుకోదగ్గది.

పెద్దల ఫోన్లలో పొద్దున్నే సూర్యోదయం, గులాబీ, వెంకటేశ్వరస్వామి బొమ్మతో శుభోదయాలు వెల్లువెత్తుతాయి. వాటితో భారతీయుల ఫోన్లలో చోటు నిండిపోతోందని గూగుల్ పరిశోధకులే గుర్తించి, ఆ బొమ్మలను ఏరి తీసేసే సదుపాయాన్ని 2018 నాటికి తయారుచేశారు. ఆ బొమ్మ పంపడంలో పెద్దలకు ఉన్న అర్థం వేరు: ఈ పూట కూడా బాగానే ఉన్నానని తెలియజేయడం. కార్డు ముక్కలో 'ఇక్కడ అంతా క్షేమం' అని రాసిన తరానికి అది సహజంగా వచ్చిన అలవాటు. అయితే అచ్చులో ఉన్నదాన్ని నమ్మే స్వభావమూ ఆ తరానిదే. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న పుకారు వాట్సాప్‌లో పాకి, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో అమాయకులపై దాడులకు, ప్రాణనష్టానికి దారితీసింది. జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా అప్పుడున్న రెమా రాజేశ్వరి ఊరూరికీ కానిస్టేబుళ్లను పంపి, డప్పు వేయించి, జానపద కళాకారులతో పాటలు పాడించి, ఆ సందేశాలు అబద్ధమని చెప్పించారు. ఫోనులో వచ్చిన పుకారును డప్పుతో ఆపడం ఈ చరిత్రలో గుర్తుంచుకోదగిన ఘట్టం. ఆ ఏడాది జులైలో వాట్సాప్ భారతదేశంలో ఒక సందేశాన్ని ఒకసారికి అయిదు చోట్లకు మించి పంపకుండా పరిమితి పెట్టింది.

తరాలు ఒకదానికొకటి తోడైన సందర్భాలు కూడా ఈ కాలంలోనే వచ్చాయి. గుంటూరు జిల్లా గుడివాడకు చెందిన కర్రె మస్తానమ్మ నూరేళ్లు దాటిన వయసులో, మునిమనవడు తీసిన వీడియోలతో 'కంట్రీ ఫుడ్స్' యూట్యూబ్ చానల్ ద్వారా లోకానికంతా తెలిశారు. కట్టెల పొయ్యి మీద ఆమె వండిన పుచ్చకాయ చికెన్‌ను దేశదేశాలవాళ్లు చూశారు. 2018 డిసెంబరులో ఆమె కన్నుమూశారు. తెలంగాణకు చెందిన నారాయణరెడ్డి 'గ్రాండ్‌పా కిచెన్' పేరుతో పెద్ద డేగిసాల్లో వండి అనాథ పిల్లలకు పెట్టేవారు; 2019 అక్టోబరులో 73 ఏళ్ల వయసులో పోయారు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి యువకుల 'మై విలేజ్ షో'లో నటించిన మిల్కూరి గంగవ్వ 2020లో బిగ్‌బాస్ ఇంటి దాకా వెళ్లారు. ఈ ముగ్గురిలో ఎవరికీ కెమెరా పని రాదు. వెనక నిలబడి తీసిన కుర్రవాళ్లకు పెద్దల వంటా, మాటా, యాసా లేవు. రెండూ కలిసినప్పుడే ఆ వీడియోలు పుట్టాయి.

టిక్‌టాక్ 2018 ఆగస్టులో మ్యూజికల్లీని కలుపుకుని ఎదిగింది, 2020 జూన్ 29న మరో 58 యాప్‌లతోపాటు భారతదేశంలో నిషేధానికి గురైంది. రెండేళ్లు కూడా లేని ఆ కాలంలోనే వరినాట్లు వేసే కూలీలు, ఇంటి పనుల్లో ఉండే గృహిణులు, ఇంటర్ పిల్లలు పదిహేను సెకన్ల సినిమా డైలాగుతో తెర మీదికి వచ్చారు. తమ యాసలో, తమ ఇంటి ముందు, తమ బట్టల్లోనే కనిపించవచ్చన్న ధైర్యం అక్కడ వచ్చింది. నిషేధం వచ్చిన కొద్ది రోజులకే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ మొదలుపెట్టింది. కుర్రవాళ్లు అటు మళ్లారు. టిక్‌టాక్‌లో ఉన్న నడివయసు ఆడవాళ్లలో చాలామంది యూట్యూబ్ వైపు వెళ్లారు.

పిల్లల చేతికి ఫోను అధికారికంగా వచ్చింది కరోనా కాలంలో. 2020 సెప్టెంబరు 1న తెలంగాణ సర్కారు బడుల పాఠాలు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్ల ద్వారా మొదలయ్యాయి. ప్రైవేటు బడులు ఫోనులో క్లాసులు పెట్టాయి. ఉన్న ఒక్క ఫోను ఇంట్లో ఎవరికివ్వాలన్నది చాలా కుటుంబాల్లో సమస్య అయింది. బడులు తెరిచాక ఫోను మాత్రం వెనక్కి పోలేదు. గ్రామీణ భారతంలో జరిగిన అసర్ 2024 విద్యా సర్వేలో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో 82.2 శాతం మందికి స్మార్ట్‌ఫోను వాడటం వచ్చని తేలింది. అంతకుముందు వారంలో దాన్ని చదువుకు వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియాకు వాడినవాళ్లు 76 శాతం. చాలా వేదికల్లో ఖాతాకు పదమూడేళ్లు నిండాలన్న నియమం అమెరికాలో 1998లో వచ్చిన పిల్లల గోప్యత చట్టం నుంచి వచ్చింది. భారతదేశం 2023లో చేసిన డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపువారి వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి తప్పనిసరి చేసింది. ఆస్ట్రేలియాలో 2025 డిసెంబరు 10 నుంచి 16 ఏళ్లు నిండనివాళ్లకు సోషల్ మీడియా ఖాతాలు లేకుండా చేశారు.

వయసు లెక్కలన్నిటినీ అడ్డంగా కోసే గీత ఇంకొకటి ఉంది. అసర్ 2023 సర్వేలో స్మార్ట్‌ఫోను వాడటం వచ్చిన 14–18 ఏళ్లవాళ్లలో సొంత ఫోను ఉన్న అబ్బాయిలు 43.7 శాతం, అమ్మాయిలు 19.8 శాతం మాత్రమే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన మహిళలు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, తెలంగాణలో 26.5 శాతం. డయలు తాళం చెవి ఎవరి దగ్గర ఉండేదో, ఫోను పాస్‌వర్డు కూడా చాలా ఇళ్లలో వాళ్ల దగ్గరే ఉంది. ఇది మారాల్సిన విషయం.

తాజా ముప్పు ట్రంక్ కాల్ తరానికే ఎదురైంది. పోలీసులమనో, సీబీఐ అధికారులమనో చెప్పుకుని వీడియో కాల్ చేసి, 'డిజిటల్ అరెస్టు' చేశామని బెదిరించి, రోజుల తరబడి తెర ముందు కూర్చోబెట్టి, జీవితకాలపు పొదుపును ఖాళీ చేయించే మోసగాళ్లకు దేశమంతటా పదవీ విరమణ చేసిన ఉద్యోగులు, ఉపాధ్యాయులు, డాక్టర్లు చిక్కుతున్నారు. వీళ్లు చదువు లేనివాళ్లు కారు. మోగిన ఫోను ఎత్తాలి, అధికారి చెప్పేది చివరిదాకా వినాలి, మధ్యలో పెట్టేయకూడదు అని ఒకనాటి ఫోను నేర్పిన మర్యాదే వాళ్లను ఆ తెర ముందు కట్టిపడేస్తోంది. భారతీయ చట్టంలో డిజిటల్ అరెస్టు అనేది ఎక్కడా లేదు. అలాంటి కాల్ వస్తే వెంటనే పెట్టేయవచ్చు, పెట్టేయాలి. డబ్బు పోయినవాళ్లు ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయాలి. ఈ నంబరును ఇంట్లో పెద్దవాళ్ల ఫోనులో పిల్లలే ఈ రోజే ఎక్కించి, ఎందుకో కూర్చుని చెప్పాలి.